అమ్మవారి చెల్లెలు

రాయగడ,
8-7-2024.

చి. సుధకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు. నువ్వక్కడ పూర్తిగా కుశలం, నేనిక్కడ సగం కుశలం. లెక్క అలా సరిపెట్టుకో.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. నాలుగు మాటలకి దగ్గొస్తుంది. అయిదో మాటకి మావాడు సాయిరాం వచ్చి ఫోను లాక్కుని స్పీకరు పెడతాడు. ఇక అక్కాచెల్లెళ్ళ కబుర్లు వీధి కబుర్లే. కాగితమైతే ఆయాసం వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టి, తగ్గాక మళ్ళీ తీసుకోవచ్చు.

ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు కదా, పోయిన నెల స్టెరాయిడ్ మాత్ర డోసు పెంచారు. మొహం బూరెలా పొంగింది. మిరపకాయల బేరానికొచ్చిన షావుకారు ఒకడు "అమ్మగారు బాగా తేరుకున్నారే!" అన్నాడు. తేరుకున్నది మొహం ఒక్కటే, లోపలేమీ తేరుకోలేదు.

ఆసుపత్రిలో ఒక అమ్మాయి కాగితం పట్టుకుని హిందీలో ప్రశ్నలు మొదలుపెట్టింది. టీబీ వచ్చిందా, షుగరుందా, ఉబ్బసం ఉందా. అన్నిటికీ లేదన్నాను. చికెన్ పాక్స్ అంది. "మాది నీచు ముట్టని ఇల్లు తల్లీ, చికెనూ లేదు, దాని ప్యాకెట్టూ లేదు" అన్నాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వి, లేదని రాసుకుంది. ఎందుకు నవ్విందో నాకు తెలియలేదు.

హరిప్రియకి ఆరో నెల నిండుతోంది. పెళ్ళైన ఎనిమిదేళ్ళకి. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంటుంది. లోపల తంతే "అత్తయ్యా, ఇదిగో" అంటుంది. కోడలు అలా చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

ఇంకో ముక్క. మూడు రోజులుగా ఎడమ డొక్కలో మంట. వీపు నుంచి ముందు దాకా పట్టీ కట్టినట్టు ఒక పక్కే. జాకెట్టు తగిలితే ప్రాణం పోతోంది. దగ్గి దగ్గి పట్టేసిందంటావా? నర్సమ్మవి, నువ్వే చెప్పు.

నీ అక్క,
ఝాన్సీలక్ష్మి

*

కోరాపుట్,
11-7-2024.

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. పనిమనిషి వంటింట్లోంచి తొంగిచూసి "ఏటైపోనాది ఈవిడికి" అని గొణుక్కుంది.

చికెన్ పాక్స్ అంటే కోడికూర కాదక్కా, మన అమ్మవారు! చిన్నప్పుడు బొయిపరిగుడలో ఉండగా నాకు పోసింది. నిన్ను పెద్దమ్మ ఇంటికి పంపేస్తే గోడ దూకి వచ్చి నా వేపాకు పక్క మీదే పడుకున్నావు. వారం తిరక్కుండా నీకూ పోసింది. అమ్మ ఇద్దరికీ కలిపి పెరుగన్నం పెట్టింది. ఇంత జరిగితే లేదని రాయించి వచ్చావు. ఈసారి వెళ్ళినప్పుడు ఉందని దిద్దించు.

డొక్కనొప్పికి కంగారుపడకు. ఇన్నేళ్ళ దగ్గుకి పక్కటెముకల మధ్య కండ పట్టేసి ఉంటుంది. వేడినీళ్ళ కాపడం పెట్టుకో, ఎడమ పక్కకి తిరిగి పడుకోకు. ముప్ఫై నాలుగేళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని, నా మాట నమ్ము.

హరిప్రియ పొట్ట మీద నా చెయ్యి కూడా ఒకసారి పెట్టించు. నాకు పిల్లలు లేని లోటు ఆ మనవడో మనవరాలో తీర్చాలి.

సుధ

*

రాయగడ,
15-7-2024.

చి. సుధకి,

నొప్పి ఫరవాలేదు. నువ్వు చెప్పినట్టే కాపడం పెడుతున్నాను.

కొట్టు వెనక గదిలోకి పక్క మార్చుకున్నాను. నా దగ్గుకి హరిప్రియకి నిద్ర పట్టడం లేదని. భోజనం కూడా అక్కడికే తెప్పించుకుంటున్నాను. మిరపకాయల బస్తాలు గోడ పక్కకి జరిపించారు, గాలి బాగానే ఆడుతోంది.

ఒక సంగతి అడగాలి. అమ్మవారు పోసిన మనిషి ఉన్న ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే లోపల బిడ్డకి ఏమైనా అవుతుందా? పక్కింటివాళ్ళు అడిగారు. తెలిస్తే వివరంగా రాయి.

మాత్రలకి కాస్త విశ్రాంతి ఇచ్చాను. ఎన్నని మింగుతాం.

ఝాన్సీలక్ష్మి

*

కోరాపుట్,
17-7-2024.

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రాయగడ బస్సు కండక్టరు సూర్యం చేతికిస్తున్నాను. అతను నీ కొట్టు ముందు ఆగి ఇస్తాడు, తిరుగు బస్సుకి జవాబు తీసుకుంటాడు. కాగితం చేతిలో పెడితే "ఏటండీ మేడంగారూ ఇంత తొందర, ఫోన్లో సెప్పీరాదా?" అన్నాడు. ఫోను చేస్తే సాయిరాం ఎత్తి అమ్మ పడుకుంది పిన్నీ అంటున్నాడు. మూడుసార్లూ అదే మాట.

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ వరస. మీ పక్కిల్లు బ్యాంకు. రెండో పక్క గోడౌను. కడుపుతో ఉన్నది బ్యాంకు మేనేజరా?

నేను అడిగినవాటికి సూటిగా జవాబు రాయి. డొక్క మీద పొక్కులు లేచాయా? లేస్తే ఏ రోజున? నీటి పొక్కులా, పక్కు కట్టాయా? ఒక పక్కేనా, వెన్ను దాటి రెండో పక్కకి వచ్చాయా? మాత్రలకి విశ్రాంతి అంటే ఏ మాత్ర, ఎన్ని రోజులు?

నేనే బస్సెక్కేదాన్ని. నాలుగు రోజులుగా జ్వరం, రొంప, విడవని దగ్గు. నీ ఊపిరితిత్తుల దగ్గరికి నా దగ్గు మోసుకురాలేను. అందుకే ఇక్కడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఏదీ దాచకు.

సుధ

*

రాయగడ,
18-7-2024.

అమ్మీ,

సూర్యం బయట నిలబడ్డాడు. అక్షరాలు గీత తప్పుతున్నాయి, కూడబలుక్కుని చదువుకో.

పొక్కులు లేచాయి. పన్నెండో తారీకున. పాపాయమ్మని పిలిపించాను. కుండలు చేసేవాళ్ళ పాపాయమ్మ, నీకు తెలుసు. చూడగానే చెప్పింది: "ఇది సర్పి తల్లీ. అమ్మోరి సెల్లెలు. తలా తోకా కలిస్తే మనిషి దక్కదు. కలవకుండా నాను గీత గీస్తాను. అమ్మోరున్నన్నాళ్ళూ మందూ మాకూ ముట్టకు, ఆవిడికి కోపమొస్తాది." కావిమట్టి నూరి పొక్కుల చుట్టూ పాము గీసి, రెండు కొసలకీ అడ్డగీతలు పెట్టింది. ఆ రోజు నుంచి మాత్రలన్నీ ఆపేశాను. స్టెరాయిడు కూడా. నిన్న వెన్ను దగ్గర గీత దాటి ఇంకో నాలుగు లేచాయి.

రెండు రోజులుగా ఏం తిన్నా వాంతి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. గోడ పట్టుకుని నడుస్తున్నాను. ఆయాసం కూడా పెరిగింది.

సాయిరాంకి చెప్పలేదు. వాడికి చెబితే హరిప్రియకి తెలుస్తుంది. వాళ్ళమ్మ కమలాంబ గుడారి నుంచి ఆ పూటే కారు పంపుతుంది. పోతే పోనీ. కానీ బిడ్డకి ఏదైనా అయితే? మా అత్తగారి ఒంటి మీంచి నా కడుపులోకి పోయిందని ఆ పిల్ల జీవితాంతం అనుకుంటుంది. నేను అన్నాళ్ళు బతికి ఉండి ఆ మాట వినలేను. ఇది దానంతట అదే వెళ్ళిపోతుంది. వెళ్ళేదాకా ఈ గదిలోంచి కదలను.

సాయిరాంకి చెప్పావో, నా మీద ఒట్టే.

అక్క

*

కోరాపుట్,
18-7-2024, సాయంత్రం.

అక్కా,

ఇది నీ చేతికి వచ్చేసరికి సాయిరాం నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటాడు. ఫోను చేసింది నేనే. నీ ఉత్తరం రెండో పేజీ దాకా చదవకుండానే చేశాను. ఒట్టు సంగతి ఆ తరవాత చదివాను. ముందే చదివినా చేసేదాన్నే. ఈ సంగతి వాడి నోటి మీదుగా కాకుండా నా రాతలో నీకు తెలియాలని ఇది పంపుతున్నాను.

ఆ స్టెరాయిడ్ మాత్ర ఇన్ని నెలలు మింగాక, ఒళ్ళు తనంతట తాను దాన్ని తయారుచేసుకోవడం మానేస్తుందక్కా. ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలిపోతుంది. నీ వాంతులూ కళ్ళు తిరగడమూ అమ్మవారి కోపం కాదు. మాత్ర ఆపినందుకు. వార్డులో ఇలా వచ్చి నా చేతుల మీద పోయినవాళ్ళు ఇద్దరున్నారు, నీకెప్పుడూ చెప్పలేదు.

నాకు భయంగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ రోగిని చూసీ ఇంత భయపడలేదు. నీ మీద పెట్టిన ఒట్టు నా నోటితో తెంచాను. ఆ ఒట్లు గిట్లు నేను నమ్మను. అయినా ఫోను పెట్టేసిన దగ్గర నుంచి దేవుడి గూడు ముందే కూర్చున్నాను.

తిడితే తిట్టు. బతికి తిట్టు.

సుధ

*

రాయగడ,
14-8-2024.

శ్రీమతి సుధ గారికి,

నమస్కారం. మీరు అడిగారని మా అబ్బాయి చెప్పాడు, అందుకని క్షేమం తెలియజేస్తున్నాను.

పద్దెనిమిదో తారీకు సాయంత్రం సాయిరాం గది తలుపు తోసేసరికి నేను కింద పడి ఉన్నానట. నాకు తెలియదు. "అమ్మా, ఏటిది, నాకెందుకు సెప్పలేదు?" అని వాడు ఏడవడం ఒక్కటి గుర్తుంది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంచారు. స్టెరాయిడు రక్తంలోకి ఎక్కించారు, సర్పికి కూడా సెలైన్లో మందు పెట్టారు. డాక్టరు పాపాయమ్మ గీసిన పాముని దూదితో తుడుస్తూ ఒడియాలో నర్సుకి ఏదో చెప్పి తల పట్టుకున్నాడు. పొక్కులు మానాయి. మంట మానలేదు, అది ఇంకా నెలలు ఉండొచ్చట.

ఊపిరి మాత్రం మునుపటిది కాదు. ఇంటికి ఆక్సిజన్ మిషను తెచ్చారు. రోజంతా గుర్రుమంటూ ఉంటుంది, ముక్కులో గొట్టం. మునుపు నాలుగు మాటలకి దగ్గొచ్చేది, ఇప్పుడు రెండో మాటకే ఊపిరి అందదు.

హరిప్రియని వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయింది. నేను ఆసుపత్రిలో ఉండగానే. కొట్టు వెనక గది కడిగించి సున్నం వేయించారు. సాయంత్రం అయితే నా చెయ్యి ఖాళీగా ఉంటోంది.

తొమ్మిదో రోజున నువ్వొచ్చి మంచం పక్కన నిలబడితే గోడవైపు తిరిగింది నిద్ర వచ్చి కాదు. నా మీద ఒట్టు పెడితే పూటైనా ఆగలేకపోయావు. బతికించావు, సరే. దేనికోసం బతికించావో అది ఇంట్లో లేకుండా పోయింది.

ఇంక రాయలేను.

ఝాన్సీలక్ష్మి

*

కోరాపుట్,
23-8-2024.

అక్కా,

గారు అన్నా పడతాను. మీ కాగితం చివరికొచ్చేసరికి నువ్వు అన్నావు, అది చాలు.

క్షమించమని అడగడానికి రాయడం లేదు. ఫోను చేసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఉన్నది వేరే దానికి. నీ మొదటి ఉత్తరం రోజూ తీసి చదువుతున్నాను. ఒక పక్కే మంట, పట్టీలా, బట్ట తగిలితే ఓర్చుకోలేకపోవడం, స్టెరాయిడ్ డోసు పెంచడం. అన్నీ రాశావు. అదే కాగితం మీద అమ్మవారు కూడా ఉంది. నేను ఆ ముక్క చదివి నవ్వాను, ఈ ముక్క చదివి కాపడం పెట్టుకోమన్నాను. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. ట్రైనింగులో మొదటి ఏడు పిల్లకి కూడా తట్టేది. సర్పికి మందు పొక్కులు లేచిన మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజులూ నీకు లేకుండా చేసింది నేను.

అమ్మవారు వెళ్ళిపోయిందని అమ్మ మనకి తలంటు పోసింది కదా. ఆవిడ వెళ్ళదక్కా. వెన్ను పక్క నరాల్లో నివురుగప్పిన నిప్పులా అరవై ఏళ్ళు పడుకుంటుంది. మీ డాక్టరుగారితో మాట్లాడాను. వయసు మళ్ళి, ఊపిరితిత్తుల జబ్బుండి, పైగా స్టెరాయిడ్ వాడేవాళ్ళలో ఇది లేవడం ఎక్కువట. లేచి ఆ ఊపిరితిత్తుల్ని ఇంకా పాడుచేసిందా అని అడిగాను. "చేసి ఉండొచ్చు. ఇలా ఒంట్లో నిద్రపోయే వైరస్‌లు మరికొన్ని ఉన్నాయి. వాటి మీద అనుమానాలున్నాయి, రుజువులు చాలవు. మాత్ర ఆపడం వల్ల కావచ్చు, జబ్బు దాని దారిన అది ముదరడం వల్లా కావచ్చు" అన్నారు. ఈ కావచ్చులతో నేనేం చేసుకోను? ఏదో ఒకటి అని ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చేదాన్ని.

నిన్న గుడారి వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళాను, ఇంకో తప్పు రాసుకో. కమలాంబగారు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. హరిప్రియ బెదిరిపోయి ఉంది. క్లినిక్‌లో అడిగితే చికెన్ పాక్స్ రాలేదని చెప్పిందట, అందుకని అందరికీ భయం. నేను కమలాంబగారిని "పిల్లకి చిన్నప్పుడు అమ్మవారు పోసిందాండీ?" అని అడిగాను. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి "పొయ్యకేటి, అయిదో యేట పోసింది. బొబ్బిల్లో మాయమ్మింటికాడ. ఈపు మీద మచ్చలు సూడండి" అంది. హరిప్రియ నోరు తెరుచుకుని వాళ్ళమ్మని చూసింది. ఇంగ్లీషులో చదువుకున్న పిల్లకి అమ్మవారూ చికెన్ పాక్సూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు, నీచు ముట్టని నీకూ ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్ల రక్తం పరీక్షకి ఇప్పించి వచ్చాను. ఈ పొద్దున్న ఫలితం వచ్చింది. హరిప్రియ ఒంట్లో రక్షణ ఉంది. నువ్వు ఆ పిల్ల పక్కనే పడుకుని ఉన్నా బిడ్డకి ఏమీ అయ్యేది కాదు. ఎవరినీ అడక్కుండా ఆ గదిలో ఒక్కదానివే ఆరు రోజులు చావుకి సిద్ధపడ్డావు.

హరిప్రియ వినాయక చవితి వెళ్ళగానే నీ దగ్గరికి వచ్చేస్తానంది. నీకు జవాబు రాయాలని లేకపోతే రాయకు.

సుధ

*

రాయగడ,
9-11-2024.

అమ్మీ,

ఆడపిల్ల. అక్టోబరు పదిహేడున, ఇక్కడే. రెండు కిలోల తొమ్మిది వందలు. నల్లటి జుట్టు, నీకు పుట్టినప్పుడు ఉన్నంత ఉంది. సాయిరాం నీకు ఫోను చేసి చెప్పాడని తెలుసు, అయినా నేను రాయాలి.

ఇన్నాళ్ళూ నీకు జవాబు రాయకపోవడం కోపంతో అనుకుని ఉంటావు. మొదట కోపమే. చవితి వెళ్ళిన మూడో రోజున హరిప్రియ వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. ఆ రోజుతో కోపం పోయింది. ఆ తరవాత రాయనిది సిగ్గుతో.

మూడు రోజులు నీవల్ల పోయాయని రాశావు. అది అబద్ధం, ఆ అబద్ధం నేను ఆడింది. పన్నెండో తారీకున వచ్చింది పాపాయమ్మ, పొక్కులు ఆ రోజున లేవలేదు. నీకు మొదటి ఉత్తరం రాసిన రోజు పొద్దున్నే లేచాయి. నీ జవాబు నాకు అందేసరికే ఆ మూడు రోజులూ దాటిపోయాయి. స్నానం చేసి అద్దంలో చూసుకున్నాను, అయిదు. చూసుకునే వచ్చి కూర్చుని రాశాను. మంట రాశాను, పట్టీ రాశాను, చికెన్ ప్యాకెట్టని హాస్యాలు కూడా రాశాను. ఆ ఒక్క మాట మింగేశాను. రాస్తే నువ్వు ఆసుపత్రికి పొమ్మంటావు. పోతే హరిప్రియ వెళ్ళిపోతుంది. రాయకుండా అడిగితే నువ్వు ఏమీ కాదంటావేమోనని ఆశ. నువ్వు ఏమీ కాదన్నావు. ఆ కాగితం పట్టుకుని ఎంత సంతోషించానో. నేను కోరిన అబద్ధమే నీచేత చెప్పించుకుని, నీ ఉద్యోగాన్ని నువ్వే తిట్టుకునేలా చేశాను. రెండున్నర నెలలు నువ్వు ఆ బరువు మోస్తుంటే చూస్తూ కూర్చున్నాను. నీ మీద ఒట్టు పెట్టి చెప్పాల్సిన మాట ఇది, కానీ ఇంక ఎవరి మీదా ఒట్టు పెట్టను.

మొన్న గురువారం బారసాల. పిన్నిని పిలుద్దామమ్మా అని సాయిరాం అడిగాడు. వద్దన్నాను. నీ మొహం చూస్తే ఇదంతా నోటితో చెప్పాలి, చెప్పడానికి ఊపిరి చాలదని సాకు. ఊపిరి కాదు, ధైర్యం చాలలేదు.

బియ్యంలో పేరు రాశాక పిల్లని నా ఒళ్ళో పెట్టారు. నాయనమ్మ చెప్పాలని హరిప్రియ పట్టుబట్టింది. పంతులుగారు "సెవిలో ముమ్మారు సెప్పాలమ్మా" అన్నారు. గుసగుసే కదా, దానికెంత ఊపిరి కావాలి అనుకున్నాను. ముక్కుకి గొట్టం సర్దుకుని ఒకసారి చెప్పాను. చాలాసేపు ఆగి రెండోసారి చెప్పాను. మూడోసారి పెదవులు కదిలాయి, మాట రాలేదు. అందరూ చూస్తున్నారు. పిల్ల కూడా కళ్ళు తెరిచి చూస్తోంది. సాయిరాం వంగి "నాను సెప్తానమ్మా, ఇలాగియ్యి" అన్నాడు. ఇవ్వలేదు. పిల్లని గుండెకి హత్తుకుని, మూడోసారి చెప్పాల్సింది నువ్వని వేలితో గాలిలో నీ పేరు రాశాను. వాడికి అర్థమయ్యేదాకా రెండుసార్లు రాశాను.

రెండుసార్లే చెప్పిన పేరు నిలవదని పంతులుగారు గొణిగారు. మిగిలింది నువ్వు వచ్చి చెబుతావని హరిప్రియ ఆయనకి సర్దిచెప్పింది. అందుకని ఇంట్లో ఎవరూ పిల్లని ఇంకా పేరు పెట్టి పిలవడం లేదు. పాప అంటున్నారు. పేరు ఈ కాగితం మీద రాయను, సాయిరాంని అడిగినా చెప్పొద్దన్నాను. నా పక్కన కూర్చుని చెవి నా నోటి దగ్గర పెట్టు, నీకు చెప్పేంత ఊపిరి ఉంది. నువ్వు దాని చెవిలో చెప్పు.

ఆదివారం పొద్దున్న బస్సులో సూర్యం నీకు ముందు సీటు ఆపి ఉంచుతాడు.

అక్క